లేవా, దొరకలేదా?

మీరెప్పుడైనా ఫోనులోనో కంప్యూటరులోనో ఏదైనా వెతికినప్పుడు ఏమీ లేని తెల్లటి తెర ఎదురైందా? రైలు కోసం వెతికి ఉండవచ్చు. పరీక్షా ఫలితం కోసమో, ఓటర్ల జాబితాలో మీ పేరు కోసమో వెతికి ఉండవచ్చు. పైన శీర్షిక ఉంటుంది, దాని కింద గీత ఉంటుంది, గీత కింద ఏమీ ఉండదు. అప్పుడు మీకేమనిపించింది? ఇక్కడ చదవడం కాస్త ఆపి గుర్తు తెచ్చుకోండి.

నేను అడిగినవారిలో చాలామంది ఒకే జవాబు చెప్పారు: "నాకు ఫోను వాడటం చేతకాదు కాబట్టి అలా వచ్చింది." మధ్యలో బడి మానేసి మళ్లీ పుస్తకం పట్టినవారు ఈ మాట మరీ తొందరగా అంటారు. ఆ మాట తప్పు. అటువంటి తెర ఎదురైనప్పుడు చాలాసార్లు లోపం వెతికినవారిది కాదు, ఆ తెరను తయారుచేసినవారిది. ఎందుకో చెబుతాను.

పశ్చిమ బెంగాల్‌లో ఖరగ్‌పూర్ అనే రైల్వే పట్నం ఉన్నది. అందులో ఓల్డ్ సెటిల్‌మెంట్ ఒక పేట. పందొమ్మిదో శతాబ్దం చివర బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇక్కడికి వచ్చి, స్టేషను, ఆ వెనుక పెద్ద వర్క్‌షాపు ఏర్పడినప్పటి నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు నుంచి మనవాళ్లు పనికి వస్తూనే ఉన్నారు. వాళ్ల మనవలూ మునిమనవలూ ఇవాళ బజారులో బెంగాలీలో బేరమాడి, ఆఫీసులో హిందీలో పని చక్కబెట్టుకొని, ఇంటికొచ్చి తెలుగులో పోట్లాడుకుంటారు. నేనూ అక్కడివాణ్ణే.

మా పక్క క్వార్టరులో కొడుకు దగ్గర ఒక పెద్దాయన ఉంటారు. రైలు డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. ఇప్పుడు ఆ ఉద్యోగానికి లోకో పైలట్ అని పేరు మార్చారు గాని, ఆయన మాత్రం "నేను డ్రైవర్నే" అంటారు. మేమంతా ఆయన్ను బాబాయి అని పిలుస్తాం. కొన్నేళ్ల కిందట ఒక అక్టోబరులో, ఆమదాలవలస దగ్గర పల్లెలో ఉండే వాళ్ల అప్ప పోయింది. కబురు ఆలస్యంగా తెలిసి దహనానికి అందుకోలేకపోయారు. పెద్దకర్మకైనా వెళ్లాలని సంచి సర్దుకున్నారు. కొడుకు డ్యూటీ మీద ఊళ్లో లేడు. మనవడు కొత్త ఫోను కొనుక్కుని పాతది తాతకు ఇచ్చాడు. అందులో రైళ్లు చూసే యాప్ ఉన్నది. బాబాయి కళ్లజోడు పెట్టుకుని ఖరగ్‌పూర్ నుంచి శ్రీకాకుళం రోడ్ అని, తేదీ సరిగ్గా చూసుకుని నొక్కారు.

రెండు స్టేషన్ల పేర్లు, తేదీ పైన కనిపించాయి. కింద ఏమీ లేదు.

అది తుపానుల కాలం. తీరం వెంబడి వానలు పడుతున్నాయని ఉదయం వార్తల్లో విన్నారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఆ దారిలో బళ్లు నిలిచిపోవడం ఆయనకు గుర్తే. ఇప్పుడూ లైను మూసేశారు కాబోలు అనుకున్నారు. సంచి విప్పేశారు. ఆ రాత్రి బళ్ల కూతలు వినిపిస్తూనే ఉన్నాయి. రైల్వే పేటలో కూత వినపడని రాత్రి ఉండదు కదా! అవి గూడ్సు బళ్లేమో అనుకున్నారు. నిజానికి హౌరా వైపు నుంచి ఆంధ్రకు పోయే బళ్లన్నీ ఆ రాత్రి మామూలుగానే నడిచాయి.

రెండు రోజుల తరువాత కొడుకు వచ్చి ఫోను చూశాడు. మనవడు ఎప్పుడో సరదాకి పెట్టిన గుర్తులు రెండు అలాగే ఉండిపోయాయి: ఫస్ట్ ఏసీ పెట్టె ఉన్న బళ్లు మాత్రమే, అదీ ఉదయం పూట బయలుదేరేవి మాత్రమే చూపించాలని. ఆ షరతులకు సరిపోయే బండి ఆ రోజు ఒక్కటీ లేదు. గుర్తులు తీసేస్తే జాబితా వచ్చింది. అప్పటికి కర్మ అయిపోయింది.

స్టేషనుకు వెళ్లి అడగవచ్చు కదా అని మీరనవచ్చు. నేనూ అదే అడిగాను. "ఫోనే చెప్పింది కదరా, మళ్లీ ఎవరినడిగేది?" అన్నారు.

కాని ఫోను ఏమీ చెప్పలేదు. ఊరుకున్నది. ఆ మౌనాన్ని ఆయన జవాబుగా తీసుకున్నారు. ఎవరైనా అలాగే తీసుకుంటారు. మనం ఒక ప్రశ్న అడిగినప్పుడు ఎదుటి మనిషి మొహం ఖాళీగా పెడితే "లేదు" అన్నాడనే అనుకుంటాం.

ఇందులో నాకు బాధ కలిగించే సంగతి ఒకటున్నది. బాబాయి ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆయన చేతికి అసలు ఖాళీ అనేది ఇవ్వకూడదని నియమం ఉండేది. అదేమిటో వివరిస్తాను. ముందున్న దారిలో పట్టాల పని జరుగుతుంటే, ఏదైనా వంతెన మీద మెల్లగా పోవలసి ఉంటే, ఫలానా కిలోమీటరు నుంచి ఫలానా కిలోమీటరు దాకా ఇంత వేగం మించకూడదని రాసిన కాగితాన్ని నిర్ణయించిన స్టేషన్లలో డ్రైవరుకు ఇస్తారు. దాన్ని కాషన్ ఆర్డర్ అంటారు. మరి చెప్పవలసిన జాగ్రత్తలేవీ లేని రోజున ఏం చేస్తారు? ఏమీ లేదు కదా అని కాగితం ఇవ్వడం మానరు. "నిల్ కాషన్ ఆర్డర్" అనే ప్రత్యేకమైన ఫారం ఉన్నది. అది నింపి, సంతకం చేసి ఇస్తారు.

ఏమీ లేదని చెప్పడానికి ఒక కాగితం ఎందుకు దండగ అనిపించవచ్చు. డ్రైవరు స్థానంలో మీరుండి ఆలోచించండి. చేతికి కాగితం రాలేదు. దారి బాగున్నది కాబట్టి రాలేదా? లేక ఇవ్వవలసినవారు మరిచిపోయారా? రెండూ బయటికి ఒకేలా కనిపిస్తాయి. మొదటిది నిజమైతే వేగంగా పోవచ్చు, రెండోది నిజమైతే ప్రాణాలు పోవచ్చు. నిల్ అని రాసిన కాగితం ఆ అనుమానాన్ని తీర్చేస్తుంది. "చూశాం. చూసి చెబుతున్నాం. ఏమీ లేదు" అని దాని అర్థం. ప్రభుత్వ కార్యాలయాల్లో పంపడానికి సమాచారమేమీ లేకపోయినా "నిల్ రిపోర్టు" పంపమనేది కూడా ఇందుకే. గుమాస్తాలు దాన్ని విసుక్కుంటారు గాని, ఆ పద్ధతి పెట్టినవాడు తెలివితక్కువవాడు కాడు.

ఇప్పుడు ప్రోగ్రాము రాసేవారి సంగతి చూద్దాం. వాళ్లేమీ కావాలని మనను ఏడిపించరు. జాబితా చూపించే ప్రోగ్రాము ఒక చిన్న పని చేస్తుంది: వచ్చిన వివరాల్లో ఒక్కొక్కదానికి ఒక్కొక్క వరుస గీస్తుంది. పది బళ్లుంటే పదిసార్లు, మూడుంటే మూడుసార్లు. సున్నా ఉంటే సున్నాసార్లు గీస్తుంది. యంత్రం లెక్క ప్రకారం అందులో తప్పేమీ జరగలేదు. పైగా తయారుచేసేవారు తమ బల్ల మీద పరీక్షించుకునేటప్పుడు నిండు జాబితాలే పెట్టుకుంటారు. ఖాళీ తెర ఎలా ఉంటుందో వాళ్లు చూడనే చూడరు. దాన్ని మొదట చూసేది కొత్తగా చేరినవారు, ఏదో ఒకటి తప్పుగా నొక్కినవారు, సిగ్నలు సరిగా అందని చోట ఉన్నవారు. అంటే సాయం ఎక్కువగా కావలసినవారే.

వింత ఏమిటంటే, యంత్రాలు తమలో తాము మాట్లాడుకునేటప్పుడు ఈ తేడాలన్నీ చక్కగా పాటిస్తాయి. వెబ్ సర్వరు జవాబుతో పాటు మూడంకెల సంఖ్య ఒకటి పంపుతుంది. 404 అంటే అడిగినది దొరకలేదని. 503 అంటే ప్రస్తుతం పని చేసే స్థితిలో లేనని. 204 అంటే మీరు చెప్పింది సరిగ్గా అందింది, పని జరిగింది, అయితే తిరిగి పంపడానికి ఏమీ లేదని. చూశారా, యంత్రాలకూ నిల్ కాషన్ ఆర్డరు ఉన్నది! మనిషి దగ్గరికి వచ్చేసరికే ఈ మర్యాద కరువైంది. యాకబ్ నీల్సన్ అనే నిపుణుడు 1994లో కంప్యూటరు తెరలు ఎలా ఉండాలో పది సూత్రాలుగా చెప్పాడు. ఏం జరుగుతున్నదో వాడేవారికి ఎప్పటికప్పుడు తెలియజేయాలన్నది వాటిలో మొదటిది. ఆ సూత్రాలు ఈ వృత్తిలో ఉన్నవారందరూ చదువుకునేవే.

ఇది తెలుగు పాఠ్యపుస్తకం కాబట్టి, మన భాషలో ఈ పని ఎలా చెయ్యవచ్చో కూడా చూడాలి. "లేవు" అన్న ఒక్క మాటతో సరిపెట్టుకోనవసరం లేదు. తెలుగు క్రియలు ఇక్కడ ఎంతో సాయపడతాయి. "బళ్లు లేవు" అంటే అంతా చూశాను, ఒక్కటీ లేదు అని. "మీరు చెప్పిన గుర్తులతో దొరకలేదు" అంటే గుర్తులు మారిస్తే దొరకవచ్చునని ఆశ ఉన్నది. "చూడలేకపోయాను" అంటే ఉన్నాయో లేవో నాకు తెలియదు, నెట్‌వర్కు అందలేదు, మళ్లీ ప్రయత్నించండి అని. "ఇంకా మొదలుకాలేదు" అంటే కొన్నాళ్లాగి రండి అని. తెర మీద నాలుగూ ఒకే తెలుపుగా కనిపిస్తాయి. మనిషి చెయ్యవలసిన పని మాత్రం నాలుగింటికీ వేరు. మొదటి మాట వింటే వేరే దారి చూసుకుంటాడు. రెండోదైతే గుర్తులు మార్చుకుంటాడు, మూడోదైతే మళ్లీ నొక్కుతాడు, నాలుగోదైతే క్యాలెండరు చూస్తాడు.

నాలుగో దానికి మన పేటలో ఏటా కనిపించే ఉదాహరణ సంక్రాంతి ప్రయాణం. రైలు టిక్కెట్లు ప్రయాణానికి 120 రోజుల ముందు నుంచి ఇచ్చేవారు. 2024 నవంబరు 1 నుంచి దాన్ని 60 రోజులకు తగ్గించారు. పాత లెక్క అలవాటైనవారు దసరా ముందే భోగి నాటికి టిక్కెట్టు కోసం వెతుకుతారు. అప్పుడు తెర ఊరుకుంటే "అప్పుడే అన్నీ అయిపోయాయి" అని నిరాశపడతారు. "ఈ తేదీకి టిక్కెట్లు ఇవ్వడం ఇంకా మొదలుకాలేదు. ఫలానా రోజు ఉదయం 8 గంటలకు మొదలవుతుంది" అని ఒక్క వాక్యం రాస్తే, ఆ మనిషి గోడమీది క్యాలెండరులో ఆ రోజుకు సున్నా చుట్టుకుంటాడు.

రెండో దానికి ఉదాహరణ మన పేర్లే. బెంగాలీ లిపిలో మన "వ"కు సరిగ్గా సరిపోయే అక్షరం లేదు. చాలాసార్లు "భ" వాడతారు. వెంకటరావు కాగితాల్లో భెంకట్ రావు అవుతాడు. ఒకచోట ఇంటిపేరు ముందు, మరోచోట వెనుక. ఇంగ్లీషులో రావుకు ఒక్కొక్కరిది ఒక్కొక్క స్పెల్లింగు. అటువంటి మనిషి ఓటర్ల జాబితాలో తన పేరు వెతుక్కుని ఏమీ కనపడకపోతే గుండె ఆగినంత పనవుతుంది. పేరు కొట్టేశారా? తాత కాలం నుంచి ఉన్న ఊళ్లో నేను లేనా? "మీరు రాసిన స్పెల్లింగుతో దొరకలేదు. వేరే స్పెల్లింగుతోగాని, గుర్తింపు కార్డు నంబరుతోగాని వెతికి చూడండి" అంటే ఆ గుండె కుదుటపడుతుంది.

మా పేటలోనే ఒకామె, ఇద్దరు పిల్లల తల్లి, మీలాగే దూరవిద్యలో పదో తరగతి పరీక్ష రాసింది. ఫలితాల రోజున నంబరు కొడితే "నో రికార్డ్ ఫౌండ్" అని వచ్చింది. తప్పినట్లుంది అనుకున్నది. రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు, పుస్తకాలన్నీ మూటకట్టి అటక మీద పెట్టేసింది. అసలు సంగతి, ఆమె పరీక్ష రాసిన కేంద్రం ఫలితాలు అప్పటికి ఇంకా ఎక్కించలేదు. మూడో రోజున చూస్తే పాసయింది. "ఇంకా రాలేదు" అని చెప్పవలసిన చోట "లేదు" అని చెప్పడం వల్ల జరిగిన అనర్థం ఇది. ఆమె మళ్లీ అటక ఎక్కి పుస్తకాలు దించుకున్నది. దించుకోనివారు ఎంతమంది ఉంటారో!

మన ఇళ్లలో ఆడవాళ్లు ఖాళీని ఎలా చెబుతారో ఎప్పుడైనా గమనించారా? బియ్యం అయిపోతే "బియ్యం లేవు" అనరు. "బియ్యం నిండుకున్నాయి" అంటారు. లేదన్న మాట నోట రాకూడదని అలా అంటారనుకుంటాం. నిజమే. కాని ఆ మాటలో ఇంకా కొంత సమాచారం ఉన్నది. ఇంతవరకు ఉండేవి, డబ్బా మూత తీసి చూశాను, ఇప్పుడు అయిపోయాయి, బజారుకు వెళ్లేటప్పుడు తెచ్చిపెట్టండి అని మొత్తం సందేశం ఆ ఒక్క మాటలో ఉన్నది. ఇంత మంచి వాక్యం రాయగల ప్రోగ్రామరు కోసం కంపెనీలు వెతుక్కుంటున్నాయి.

నా వాదనకు ఎదురు చెప్పేవారు లేకపోలేదు. తెర చిన్నది, మాటలకు చోటు చాలదు అంటారు. జాబితా ఖాళీగా ఉన్నప్పుడు చోటుకేం కరువు? తెరంతా చోటే. జనం చదవరు అని మరికొందరు. నలభై వరుసలున్న పుటలో చదవరు, నిజమే. ఒక్క వాక్యమే ఉన్న పుటలో అది కాక ఇంకేం చదువుతారు? అన్ని సందేశాలనూ అన్ని భాషల్లో రాయడం పెద్ద పని అనే మాటను మాత్రం నేను కొట్టిపారెయ్యను. ఒక్కొక్క యాప్‌లో ఎన్నో జాబితాలు, మన దేశంలో ఎన్నో భాషలు. చిన్న సంస్థలకు అది భారమే. కాబట్టి పాటల జాబితా తరువాత చూసుకోవచ్చు. ప్రయాణం, ఫలితం, పింఛను, ఓటు, ఆసుపత్రి, వీటితో మొదలుపెట్టమంటాను.

సందేశం పెడితే చాలదు, అది నిజం చెప్పాలి. కొన్ని యాప్‌లలో ఖాళీ చోట ఒక బొమ్మ వచ్చి పళ్లికిలిస్తుంది. "అయ్యో! ఇక్కడేమీ లేదు!" అని హాస్యమాడుతుంది. అప్ప పోయిన మనిషికి ఆ నవ్వు దేనికి? ఇంకొందరు ఆ ఖాళీలో ప్రకటన పెట్టుకుంటారు. వీటన్నిటికంటే చెడ్డది, నెట్‌వర్కు అందక అసలు చూడకుండానే "లేవు" అని చెప్పడం. తెలియనప్పుడు తెలియదనడమే సరైనది. ఖాళీ ఉండటం శుభవార్త అయినప్పుడు కూడా చెప్పాలి సుమా. కరెంటు బిల్లు బాకీల పుట తెల్లగా కనపడితే అనుమానంతో మళ్లీ మళ్లీ చూస్తాం. "బాకీ ఏమీ లేదు, ఫలానా తేదీన కట్టారు" అంటే ఫోను పక్కన పెట్టి నిద్రపోతాం.

ఇక భాష సంగతి. కొన్నిచోట్ల తెలుగు సందేశం ఉంటుంది, "ఫలితాలు ఏవీ కనుగొనబడలేదు" అని. ఏ తెలుగువాడు ఎదుటివాడితో ఇలా మాట్లాడతాడు? "మీ గొడుగు కనుగొనబడలేదు" అని ఇంట్లో ఎవరైనా అంటే నవ్వరా? దొరకలేదు అంటే సరిపోతుంది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది. ఖరగ్‌పూర్ తెలుగువారికి అది సంతోషం కలిగించిన వార్త. హోదా కాగితం మీద ఉన్నది. అది బాబాయి చేతిలోని తెర మీద, ఆయనకు అర్థమయ్యే వాక్యంగా ఎప్పుడు కనిపిస్తుందా అని నేను చూస్తున్నాను.

ఇప్పుడు మీరొక పని చెయ్యండి. ఈసారి ఖాళీ తెర కనపడగానే మిమ్మల్ని మీరు నిందించుకోకండి. తేదీ, పేరు, స్పెల్లింగు చూసుకోండి. పాత గుర్తులేమైనా ఉండిపోయాయేమో చూడండి. సిగ్నలు ఉందో లేదో చూసి మళ్లీ నొక్కండి. అప్పటికీ తేలకపోతే మనిషినడగండి. ఆ తరువాత నోటుపుస్తకం తీసి, ఆ తెర మీద ఏ వాక్యం ఉండి ఉంటే మీకు ఇబ్బంది తప్పేదో రెండు మూడు వాక్యాల్లో సొంతంగా రాయండి. చాలా యాప్‌లలో అభిప్రాయం రాసే చోటు ఉంటుంది. అక్కడ దాన్ని పంపండి.

ఇదే పని బాబాయికి కూడా ఇచ్చాను. ఆయన కాసేపు ఆలోచించి, కాషన్ ఆర్డరు చదివినట్టుగా ఒక్కొక్క ముక్కా విడదీసి చెప్పారు, నేను రాసుకున్నాను: "ఆ రోజు బళ్లు ఉన్నాయి. మీరు పెట్టిన గుర్తుల వల్ల కనపడటం లేదు. ఫస్ట్ ఏసీ, ఉదయం పూట అన్న గుర్తులు తీసి మళ్లీ చూడండి. అప్పటికీ కనపడకపోతే 139కి ఫోను చెయ్యండి."